మార్కర్ల జేబులో ఆవిరి

"రోజుకు ఎన్ని ప్యాకెట్లు అన్నా?" అని అడిగాడతను.

పంజాగుట్టలో ఫోన్ కవర్లు అమ్మే చిన్న కొట్టు అది. గోడ నిండా కవర్లు, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు. అసలు సరుకు కౌంటర్ కింద ఉంటుంది. సిగరెట్ బదులు ఆవిరి పీల్చే వేప్‌లు అవి, మన దేశంలో అమ్మడం నిషేధం. ఆ ముక్క నాకు తెలుసు, నాకంటే అతనికి బాగా తెలుసు. అందుకే ప్రశ్న నన్ను అడుగుతూ చూపు మాత్రం గాజు తలుపు మీద పెట్టాడు.

పదహారేళ్లుగా సిగరెట్లు తాగుతున్నాను గానీ జన్మలో ఒక్క ప్యాకెట్ కొనలేదు. అమీర్‌పేటలో ప్యాకెట్ ఎవరు కొంటారు? పాన్ డబ్బా దగ్గరికి వెళ్లి వేలు చూపిస్తే ఒకటి తీసి ఇస్తాడు. దారానికి వేలాడుతున్న లైటర్‌తో వెలిగించుకుని పక్కకు జరుగుతాం. ప్యాకెట్ కొన్నవాడు అలవాటు పడ్డవాడు, విడిగా కొన్నవాడు ఎప్పుడో ఒకటి తాగేవాడు, ఇదీ మా లెక్క. నేను రోజుకు పదిసార్లు ఎప్పుడో ఒకటి తాగేవాణ్ని.

పది అంటే ఒక ప్యాకెట్టే కదా అనుకుని, "ఒకటి" అన్నాను. ఆ ఒక్క మాట మర్నాడు నా ప్రాణం మీదికి తెచ్చింది. అది చెప్పేముందు అసలు ఆ కొట్టుకు ఎందుకెళ్లానో చెప్పాలి.

నేను అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు చెప్తాను. నాలుగో అంతస్తు, లిఫ్ట్ ఉన్నా లేనట్టే. పొద్దున ఏడున్నరకు మొదటి బ్యాచ్, సాయంత్రం ఆరున్నరకు ఆఖరి బ్యాచ్, మధ్యలో నోరు మూతపడదు. నీ ఆస్తేంటి అని ఎవరైనా అడిగితే గొంతు చూపించాలి. పోయిన దసరా తర్వాత ఆ గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకుని మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. నెల దాటింది. ఒకరోజు క్లాసులో మాట్లాడుతుంటే సగం వాక్యం ఉత్త గాలైపోయింది. వెనక వరసలోవాళ్లు మైకు పెట్టుకోండి సార్ అన్నారు. అరవైమంది పట్టే గదిలో పదేళ్లుగా మైకు లేకుండా చెప్పినవాణ్ని, ఆ మాటకు నాకు ఒళ్లు మండింది.

మా ఆవిడ సోమాజిగూడలో గొంతు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, ఎదురుగా తెర మీద నా గొంతు నాకే చూపించాడు. స్వరపేటిక మీద తెల్లటి మచ్చ ఉంది.

"ఇప్పటికి కంగారుపడాల్సింది లేదు. పొగ పూర్తిగా ఆపండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాను. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాలి" అన్నాడు.

"ముక్క తీస్తే గొంతు పాతలా ఉంటుందా?" అన్నాను.

ఆయన రాస్తున్న పెన్ను ఆపి, "ముందు పొగ ఆపండి" అన్నాడు. నేనడిగింది అది కాదు. కానీ రెండోసారి అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ సాయంత్రమే మా ఆవిడ దేవుడి అలమర ముందు నిలబడి మొక్కుకుంది. నేను నలభై ఒక్క రోజులు వరసగా సిగరెట్ ముట్టకుండా ఉంటే కొండకు వెళ్లి తలనీలాలు ఇస్తానని. నడుం దిగే జుట్టు తనది. ఆదివారం వస్తే కుంకుడుకాయల పులుసుతో తలంటుకుని, బాల్కనీలో ఎండకు వీపు తిప్పి కూర్చుంటుంది.

"ఆడవాళ్లు గుండే చేయించుకోవాలని లేదుగా. మూడు కత్తెర్లు ఇచ్చినా మొక్కు చెల్లుతుంది. కొసల్లో మూడుసార్లు కత్తిరిస్తారు, అయిపోతుంది" అన్నాను.

"కొసలిచ్చి గొంతు మొత్తం అడగమంటారా?" అంది.

వంటింటి తలుపుకున్న క్యాలెండర్ దగ్గర కుంకుమ భరిణె పెట్టింది. రోజూ నేను ఇంటికి రాగానే "ఇవాళ?" అని అడుగుతుంది. తాగలేదంటే ఆ తేదీ మీద చుక్క, తాగానంటే లేదు. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటి నుంచి.

మొదటి మూడు రోజులూ చుక్కలు పడ్డాయి. ఆ మూడు రోజులూ నేను మనిషిని కాదు. సోంపు నమిలాను, లవంగం నమిలాను, మార్కర్ మూత నమిలాను. క్లాసులో ఒక అమ్మాయి అమాయకంగా డౌటు అడిగితే కసిరాను, తర్వాత సిగ్గేసింది. ఒక చోట కాలు నిలిచేది కాదు. నాలుగో రోజు బ్రేకులో కాళ్లు వాటంతటవే పాన్ డబ్బా దగ్గరికి వెళ్లాయి. సాయంత్రం ఆమె అడిగింది. "రెండు" అన్నాను. భరిణె మూత పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

వేప్ సంగతి చెప్పింది మా పక్క గదిలో టెస్టింగ్ కోర్సు చెప్పే మిత్రుడు. సిద్దిపేట వైపు మనిషి, నాకంటే నాలుగేళ్లు చిన్న. మా ఇద్దరిదీ పదేళ్ల చాయ్ స్నేహం.

"గట్ల ఒక్కసారే ఇడిస్తే అయితదా అన్న? జర జరంత ఇడువాలె. గా వేప్ పట్టుకో, పొగ ఉండదు, వాసన ఉండదు. ఉత్త ఆవిరి" అన్నాడు.

డాక్టరు ఆపమన్నది పొగని, ఇది ఆవిరి. మా ఆవిడ మొక్కింది సిగరెట్ మీద, ఇది సిగరెట్ కాదు. రోజంతా పిల్లలకు డేటాబేస్ క్వెరీల్లో షరతులు రాయడం నేర్పేవాడికి ఇలాంటి సందులు చప్పున దొరుకుతాయి.

ఇక మొదలైంది నా పరిశోధన. ఏ పరికరం కొనాలి? ల్యాప్‌టాప్‌లో ఒక టేబుల్ గీశాను. ఒక వరసలో తాగి పారేసేవి, ఒక వరసలో ద్రవం నింపుకునే చిన్న పాడ్‌లు, ఇంకో వరసలో సబ్బుపెట్టెంత ఉండి మబ్బుల్లా ఆవిరి వదిలేవి. నిలువు గడుల్లో బ్యాటరీ, బరువు, గొంతుకు తగిలే ఘాటు, కారిపోతుందా లేదా. ఎవరో అమెరికా ఆయన ఇది మేలంటాడు, లండన్ ఆయన అది చెత్త అంటాడు. వాళ్ల దేశాల్లో అవి కిరాణా కొట్టులో దొరుకుతాయి కాబోలు, నాకు కౌంటర్ కింద ఏది ఉంటే అదే దిక్కు. అయినా మూడు వారాలు చూశాను. ఆ మూడు వారాలూ చదువుతూ చదువుతూ రోజుకు రెండు ఎక్కువే తాగాను. రోజూ ఇంట్లో నిజం చెప్పాను, క్యాలెండర్ మీద ఒక్క చుక్క పడలేదు.

ఆఖరికి ఆ కొట్లో అతను కింది నుంచి మూడు తీసి నా ముందు పెట్టాడు. ఒక్క నిమిషంలో తేల్చేశాను. టేబులూ లేదు, గడులూ లేవు. వైట్‌బోర్డు మార్కర్లు పెట్టుకునే నా చొక్కా జేబులో, రెండు మార్కర్ల మధ్య ఏది కనపడకుండా ఇముడుతుందో అది తీసుకున్నాను. గొంతుకు ఏది మంచిదని కాదు, ఇంట్లో ఏది కనపడదని ఎంచుకున్నాను. అప్పుడే తెలుసు నాకు, తెలియదని ఎలా అంటాను.

అప్పుడే అతను ప్యాకెట్ల లెక్క అడిగింది, నేను ఒకటి అన్నది.

"అయితే యాభై తీస్కో అన్నా. ఇరవై నీకు ఆనది" అన్నాడు. అవి నికోటిన్ పాళ్లు. ఎక్కువైతే మంచిదే, మళ్లీ సిగరెట్ వైపు మనసు పోదు అనుకుని తీసుకున్నాను.

మర్నాడు పొద్దున బ్యాచ్‌కు ముందు బాత్రూంలో తలుపేసుకుని నాలుగు దమ్ములు లాగాను. అహా అనిపించింది. ఇంకో ఆరు లాగాను. క్లాసుకెళ్లి బోర్డు మీద గీత గీస్తుంటే గీత వంకరపోతోంది. వీపంతా చల్లటి చెమట. ఎక్కిళ్లు మొదలయ్యాయి, ఆగవు. "రెండు టేబుళ్లను కలపాలంటే..." అని ఒక ఎక్కిలి, "ముందు..." అని ఒక ఎక్కిలి. నవ్వుతున్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వు ఆపేశారు. చూస్తే నేను నేలమీద కూర్చుని ఉన్నాను. ఎవరో గ్లూకోజు నీళ్లు తెచ్చారు, ఎవరో బీపీ అన్నారు, మొన్న నేను కసిరిన అమ్మాయి పుస్తకంతో విసురుతోంది.

మిత్రుడు వచ్చి నన్ను స్టాఫ్ రూంలోకి తీసుకుపోయి సంగతంతా విన్నాడు. విని తల పట్టుకున్నాడు.

"ప్యాకెట్ అన్నవా? వానికి ప్యాకెట్ అంటే ఇరవై అన్న. నువ్వు తాగేటివి పది. ఆ పదిల సుత సగం నేనే తాగుతున్నగదనే. ఇగ నీకు మిగిలింది ఎన్ని?"

ఐదు. నిజమే. పదేళ్లుగా మేమిద్దరం ఒకటి కొని చెరిసగం తాగుతున్నాం. ముందు సగం నాది, వెనక సగం వాడిది. పదహారేళ్లు పెద్ద పొగరాయుణ్నని కుమిలిపోయినవాణ్ని, తీరా చూస్తే ఐదు సిగరెట్ల మనిషిని. ఐదు సిగరెట్ల మనిషి ఇరవై సిగరెట్ల వాడి మందు పుచ్చుకున్నాను. వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వుతుంటే మళ్లీ ఎక్కిళ్లు వచ్చాయి.

"ఐదైతే ఉత్తగనే ఇడువొచ్చు గదనే, గిదంత ఎందుకు?" అన్నాడు మళ్లీ, ఈసారి నవ్వకుండా.

సాయంత్రం వెళ్లి తక్కువ పాళ్ల ద్రవం తీసుకున్నాను. మామిడిపండు రుచి. ఆ రోజు ఇంట్లో "ఇవాళ?" అంది. "సిగరెట్ ముట్టలేదు" అన్నాను. సిగరెట్ అనే మాటను కాస్త వత్తి పలికాను. ఆమె మొహం వెలిగింది. భరిణె మూత తీసింది. నిజం చెప్పినన్నాళ్లూ పడని చుక్క ఆ రోజు పడింది.

పెనం మీంచి పొయ్యిలో పడ్డానని తెలియడానికి వారం పట్టింది. సిగరెట్ కావాలంటే నాలుగంతస్తులు దిగాలి, ట్రాఫిక్‌లో రోడ్డు దాటాలి, తోడు కావాలి, సగం అయ్యాక ఇచ్చేయాలి. తర్వాత మళ్లీ ఎక్కాలి. దీనికి దిగేది లేదు, ఎక్కేది లేదు, సగం లేదు, చివర లేదు. బోర్డు వైపు తిరిగినప్పుడు ఒకటి, పిల్లలు క్వెరీ రాసుకుంటున్నప్పుడు ఒకటి, మెట్రోలో మోచేయి అడ్డం పెట్టుకుని ఒకటి. నిద్ర లేవగానే చెయ్యి ముందు దానికోసం తడిమేది. చార్జింగ్ అయిపోతుందేమోనని ఒక కంగారు, ద్రవం అయిపోతుందేమోనని ఒక కంగారు, ఆ కొట్టు మూసేస్తారేమోనని ఇంకో కంగారు. చింత చచ్చినా పులుపు చావదని మా అమ్మ అనేది, అది నా గురించే అనుకోవాలి. మిత్రుడు కిందికి ఒక్కడే వెళ్లేవాడు. "నీ పుణ్యాన నిండు సిగరెట్ తాగుతున్నన్నా" అని ఒకరోజు కోపంగానే అన్నాడు.

గొంతు? అలాగే ఉంది. ఒక్కోరోజు బాగుపడినట్టు ఉండేది, ఒక్కోరోజు మధ్యాహ్నానికే గాలి. ఎవరైనా గొంతు మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా నేనే గొంతు సవరించుకునేవాణ్ని.

చుక్కలు ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. మా ఆవిడ వాళ్ల అక్క ఫోన్ చేస్తే "మానేశారే, నిజంగా మానేశారు" అని ఈవిడ చెప్తుంటే నాకు దొంగకు తేలు కుట్టినట్టు ఉండేది. రోజూ చెప్పేద్దామనుకునేవాణ్ని. అన్నం తిన్నాక చెప్తాను, తలంటు అయ్యాక చెప్తాను, ఈ ఆదివారం చెప్తాను. ఆదివారం ఆమె బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే నేను గదిలో కిటికీ పక్కన నిలబడి మామిడిపండు ఆవిరి వదులుతూ చూశాను. అంత నీచంగా నా జీవితంలో ఎప్పుడూ అనిపించలేదు.

నలభై ఒకటో చుక్క పడగానే అక్కాచెల్లెళ్లిద్దరూ రైలు టికెట్లు తీసుకున్నారు. నాకు బ్యాచ్ ఉందన్నాను. బ్యాచ్ నిజమే, వేరేవాళ్లకు అప్పగించొచ్చన్నదీ నిజమే. సికింద్రాబాద్ స్టేషన్లో బోగీ కిటికీ దగ్గర నిలబడి, "మూడు కత్తెర్లు చాలు, విను" అన్నాను.

"మీరు నలభై ఒక్క రోజులు ఉన్నారు. నేను మూడు కత్తెర్లిస్తే బాగుంటుందా?" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. రైలు కదిలేదాకా నిలబడ్డాను. మెట్రో మెట్లెక్కుతూ జేబులోంచి తీసి రెండు దమ్ములు లాగాను.

మూడో రోజు పొద్దున తిరిగొచ్చారు. నేను అమీర్‌పేట మెట్రో కింద ఎదురుచూశాను. అక్క పైనే కూకట్‌పల్లి మెట్రోకు మారిపోయింది, ఈవిడ ఒక్కతే కిందికి దిగింది. ముందు పోల్చుకోలేకపోయాను. ఇన్నేళ్లూ గుంపులో ఆ జడను బట్టే వెతికేవాణ్నని అప్పుడు తెలిసింది. తల మీద కొంగు, కొంగు కింద గంధం పూసిన గుండు. చెవులు రెండూ కొత్తగా, పెద్దగా కనిపిస్తున్నాయి. నన్ను చూసి నవ్వింది. లడ్డూల సంచి నా చేతికిచ్చింది.

ఆటో వద్దు, నడుద్దాం, రైల్లో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది అంది. పంజాగుట్ట వైపు నడిచాం. కోర్సుల కరపత్రాలు పంచేవాళ్లు నన్ను గుర్తుపట్టి పక్కకు తప్పుకుంటున్నారు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"నీకొకటి చెప్పాలి" అన్నాను.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"సంక్రాంతికి ముందు ఇంట్లో మామిడిపండు వాసన ఎక్కడినుంచి వస్తుందండీ? చొక్కా ఉతకడానికి నేనేగా తీసేది. జేబులో ఉన్నది మార్కర్ కాదని పదో చుక్కకే తెలుసు."

నా కాళ్లు ఆగిపోయాయి. ఆమె ఆగలేదు, నేనే అందుకోవాల్సి వచ్చింది.

"మరి చుక్కలెందుకు పెట్టావు?"

"సిగరెట్ తాగలేదన్నారు. తాగలేదుగా. నేను మొక్కింది దానికే."

"మరి గుండెందుకు? తెలిసీ ఎందుకిచ్చావు?"

"ఆయనకు మాటిచ్చింది నేను. ఏదో సందు చూసుకుని తప్పించుకోవడం నాకు చేతకాదు" అంది. కాసేపు నడిచాక, "మీరే చెప్తారేమోనని చూశాను. ముప్పై చుక్కలు చూశాను. స్టేషన్లో కూడా చూశాను" అంది.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాం. ఎండకు తల మంటగా ఉందో, దురదగా ఉందో, ఆమె కొంగు తీసేసింది. బస్సులోవాళ్లు చూస్తున్నారు. నన్నడిగితే అప్పుడు నేను ఏడవాలి. ఏడవలేదు. నా చెయ్యి చొక్కా జేబు దగ్గరికి పోయింది. నేను పంపలేదు, అదే పోయింది.

ఆమె చూసింది. "లాగండి, సిగ్నల్ పడటానికి ఇంకా టైముంది" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. పిల్లాడికి నీళ్లు తాగమన్నట్టు చెప్పింది.

సిగ్నల్ పడింది. ఆమె జనంతోపాటు దాటేసింది. నేను ఇవతలే నిలబడిపోయాను. పిలిచాను. నోరు తెరిచాను గానీ గాలే వచ్చింది. పక్కనున్న మనిషికి కూడా వినపడలేదు. పదిహేనేళ్ల కాపురంలో ఆమెను పిలిస్తే పలకకపోవడం ఎరగను, ఇప్పుడు నా పిలుపే ఆమె దాకా పోలేదు. మొదటిసారి భయమేసింది. మచ్చకు కాదు, డాక్టరుకు కాదు. ఇంక పిలవలేనేమోనని.

అవతల ఆమె వెనక్కి తిరిగి చూసి ఆగింది. నేను పరుగెత్తినట్టే దాటాను. జేబులోంచి దాన్ని తీసి ఆమె ముందు పెట్టాను.

"నీ దగ్గరుంచుకో. నేనడిగినా ఇవ్వకు" అన్నాను, వచ్చినంత గొంతుతో.

ఆమె దానివైపు కూడా చూడలేదు.

"నేనివ్వాల్సింది నేనిచ్చేశాను. మీది మీరే ఇచ్చుకోండి" అని, లడ్డూల సంచి నా చేతిలోంచి తీసుకుని ముందు నడిచింది.